వంకలక్క కొరికిన శాండ్‌విచ్

కట్టుడు పళ్ళు చేసే ఆ ల్యాబులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఎదురుగా ఉంటే అక్క, పక్కకు తిరిగితే వంకలక్క. ఆ సంగతి ఆమెకు తెలియకపోలేదు. తెలిసినా కోపం లేదు. వంకలున్నవాటికే వంకలు పెడుతున్నాను, లేనిదేదైనా ఉంటే మీరే తెచ్చి చూపించండి అనేది. తెచ్చి చూపించే ధైర్యం ఎవరికుంటుంది? కొత్త బట్టలు వేసుకొచ్చిన మనిషి ఆమె బల్ల ముందు నుంచి నడవకుండా వెనక గుమ్మం నుంచి లోపలికి వచ్చేది. ఓనరు కారు కొన్న కొత్తలో దాన్ని పక్క వీధిలో దాచుకున్నాడని చెప్పుకునేవారు. అబద్ధమే అయ్యుండొచ్చు గానీ నమ్మనివాళ్ళు లేరు.

ఆమె పని పళ్ళు పేర్చడం. పళ్ళ డాక్టర్లు బోసినోళ్ళ అచ్చులు తీసి పంపితే, సున్నం బాబాయి వాటిలో ప్లాస్టర్ పోసి దవడలు తీసేవాడు. ఆయన ఎవరికీ సొంత బాబాయి కాదు. జుట్టూ చొక్కా ఎప్పుడూ తెల్లగానే ఉండేవి, అందులో వయసెంతో ప్లాస్టరెంతో చెప్పలేం. ఆ దవడల మీద వంకలక్క గులాబీరంగు మైనం పరిచి, ఒక్కొక్క పన్నూ గుచ్చి, దీపం సెగకు కత్తి కాచి చిగుళ్ళు దిద్దేది. తర్వాత మైనం తీసేసి ఆ చోట ప్లాస్టిక్ దించడం, గ్రైండరు మీద గీకడం, నిగనిగలాడించడం పాలిషు వంతు. పాలిషుకు అసలు పేరేదో ఉంది, జీతం సంతకం రోజున తప్ప అది బయటికి రాదు. కోపం ముందొస్తుంది, బుద్ధి తర్వాత తీరిగ్గా నడిచొస్తుంది. వీళ్ళతోపాటు ఓనరు కోడలు. డాక్టర్ల ఫోన్లు ఎత్తడం, పెట్టెలు కట్టి పంపడం ఆ పిల్ల పని. అత్తవారి వ్యాపారం గనక అందరికీ ఆమె కోడలే.

పళ్ళతో బతికేవాళ్ళ చూపు పళ్ళ మీదే ఉంటుంది, దర్జీ చూపు కుట్ల మీదికి పోయినట్టు. కట్టుడు పళ్ళ సెట్టు కుదిరిందో లేదో చూడడానికి డాక్టర్లు మైనపు పలక కొరికించి పంపుతారు. ఆ కాటు చూసి, నోరు ఎవరిదో చెప్పలేకపోయినా చెయ్యి ఎవరిదో వీళ్ళు చెప్పేసేవారు. ఎవరో సగం కొరికి వదిలేసిన ఆపిల్ పండు కనిపించినా సరే, పాలిషు దాన్ని తిప్పి చూసి "సొంత పళ్ళే" అనో, "ఇది మన పనే అక్కా" అనో అనకుండా కదిలేవాడు కాదు.

ఆ వీధి చివరే ఇంకో ల్యాబు ఉంది. వీళ్ళకు పోటీ. వాళ్ళ సెట్లను చూసి వంకలక్క పెట్టే వంకలు అన్నీ ఇన్నీ కావు. ముందుపళ్ళు గీత గీసినట్టు ఒకే వరసలో పెట్టేవారు, ఎడమ కోరపన్ను మాత్రం సిగ్గుపడ్డట్టు లోపలికి తిప్పేవారు. ఎందుకలా తిప్పేవారో వాళ్ళకే తెలియాలి.

"పళ్ళు కాదమ్మా అవి, దువ్వెన. ఆ సెట్టు పెట్టుకుని నవ్వితే చూసేవాళ్ళకి ఏడుపొస్తుంది, ఏడిస్తే నవ్వొస్తుంది" అనేది. పాలిషు పడీపడీ నవ్వేవాడు.

ఇప్పుడు ఆ దువ్వెనే వంకలక్క నోట్లో ఉంది. ఆ మాట ఈ భూమ్మీద ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

ఎలా జరిగిందంటే, లిఫ్టు నడిపే ఉద్యోగం చేసిన ఆమె భర్త చాలా కాలం మంచాన పడి ఉన్నాడు. ఆ రోజుల్లో ఆమె తిన్నది ఎప్పుడో, నిద్రపోయింది ఎప్పుడో. చిగుళ్ళు వాచి రక్తం కారుతుంటే, ఊరందరి నోళ్ళూ బాగుచేసే మనిషి తన నోట్లో ఇంత ఉప్పునీళ్ళు పోసుకుని పుక్కిలించి ఊరుకుంది. ఆయన పోయాడు. ఆ తర్వాత ఒకటొకటిగా పైపళ్ళు కదిలాయి. మిగిలినవాటిని కూడా పీకించక తప్పలేదు.

సొంత ల్యాబులో చెప్పుకుంటే అందరూ కలిసి చేసి పెట్టేవారు. కానీ అలా చెప్పుకోవాలంటే పాలిషు ముందు నోరు తెరవాలి. "ఈ మూల ఎందుకింత మోటుగా గీకావురా" అని ఏళ్ళతరబడి తిట్టించుకున్నవాడు తన బోసిచిగుళ్ళ మీద వేలు పెట్టి కొలుస్తాడు. అది తలుచుకుంటేనే ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. అందుకని ఊరికి అటుచివరనున్న డాక్టరు దగ్గరికి పోయి, తోడికోడలి పేరు చెప్పి కుర్చీలో కూర్చుంది. తోడికోడలి పళ్ళు భేషుగ్గా ఉన్నాయి, ఇనుప మేకైనా నమిలేస్తుంది. ఆ డాక్టరు పని పంపేది పోటీ ల్యాబుకని వంకలక్కకు తెలుసు. తెలిసే వెళ్ళింది. పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అనుకుంది, కట్టించుకోడానికి ఏ చెయ్యైతేనేం అని కూడా అనుకుంది. పళ్ళు పీకిన రోజులకు జ్వరమని సెలవు పెట్టి, కొత్త సెట్టుతో పనికి వచ్చింది. మూతి కొంచెం బిగించి మాట్లాడుతోందని ఎవరైనా గమనించినా, పుట్టెడు దుఃఖంలో ఉన్న మనిషి గదా అనుకున్నారు. దుఃఖం నిజమే. దాని చాటున పళ్ళు దాక్కున్నాయి.

ఈ దాపరికానికి గండం శుక్రవారాల్లో ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం గ్రైండర్లు ఆపి నూనె పెట్టేవారు. ఆ పూట నలుగురూ కలిసి బయట తినడం కోడలు వచ్చాక మొదలైన అలవాటు. ఆ పిల్ల ఫోనులో చూసి ఎప్పటికప్పుడు కొత్త నూడుల్స్ దుకాణమో శాండ్‌విచ్ దుకాణమో పట్టుకొచ్చేది. ఆ చుట్టుపక్కల అలాంటివి వానకు మొలిచినట్టు మొలిచాయి. అన్నీ ఒక్క అమ్మ పిల్లలే. గోడలకు నల్లరంగు, నెత్తిన తగిలే దీపాలు, కూర్చుంటే కాళ్ళు అందని బల్లపీటలు. చైనా, జపాన్, కొరియా, వియత్నాం అని నాలుగు దేశాల పేర్లు ఒకే బోర్డు మీద రాస్తారు, నాలుగు దేశాలకూ సాసు మాత్రం ఒకటే సీసాలోంచి.

తిండి కోసం వెళ్ళేది కోడలు ఒక్కతే. మిగతావాళ్ళు వంకలక్క తీర్పు వినడానికి వెళ్ళేవారు. తిరిగి ల్యాబుకు నడిచే దారంతా ఆమె ఆ దుకాణాన్ని ఉతికి ఆరేసేది. పాలిషు దాన్ని వారమంతా చెప్పుకుని నవ్వేవాడు. వంకలక్కకు కూడా ఆ పూట కావాలి. ఇంట్లో వంట వండితే ఉప్పు తక్కువైందని అనడానికి మనిషి లేడు, ఉప్పు ఎక్కువైందని తిట్టడానికీ లేడు. ఆయన ఉన్నప్పుడు ఆమె ఎన్ని అన్నా "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" లేకపోతే వంక పెట్టినా గోడకు చెప్పినట్టే.

కొత్త పళ్ళతో ఆమె వెళ్ళిన మొదటి చోటు పెద్ద గిన్నెల్లో సూపు నూడుల్స్ పెట్టేది. గిన్నె అంటే గిన్నె కాదు, బుడ్డపిల్లాడికి స్నానం చేయించొచ్చు. అందులో మబ్బునీళ్ళలాంటి సూపు, మీద తేలుతున్న ఆకు, అడుగున ఎంత లాగినా తెగని నూడుల్స్. వంకలక్క ఒక పోగు నోట్లో పెట్టుకుని ముందుపళ్ళతో తుంచబోయింది. దువ్వెన తుంచుతుందా? దువ్వింది. పోగు తెగలేదు, పైగా సెట్టు కొంచెం కిందికి జారింది. ఆమె నాలుకతో దాన్ని పైకి అదిమిపట్టి, పోగునంతా లోపలికి పీల్చుకుని, నమలకుండా మింగేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కారమా పిన్నీ?" అంది కోడలు.

"కారమా? ఉప్పూకారాలు ఈ గిన్నె మొహం చూసి ఎన్నాళ్ళైందో! ఇది తిండి కాదే, ఊలు ఉండ. ఒక కొస నా కడుపులో ఉంది, ఇంకో కొస ఇంకా గిన్నెలోనే ఉంది. మధ్యలో నన్ను పట్టుకుని స్వెట్టరు అల్లుకోండి."

పాలిషు ముక్కులోంచి సూపు వచ్చేలా నవ్వాడు. సున్నం బాబాయి మాత్రం తన గిన్నె ఖాళీ చేసి, ఆమె గిన్నె వైపు చూసి, "తినవా అమ్మాయ్?" అన్నాడు.

"నాకెందుకు బాబాయ్, నువ్వు కానీ. ప్లాస్టర్ తాగినా అరిగించుకునే కడుపు నీది."

ఆయన గిన్నె తన ముందుకు జరుపుకున్నాడు. ఆమె నవ్వులో గట్టెక్కింది. తిట్టడానికి నోరుంటే చాలు, పళ్ళు అక్కర్లేదని ఆ రోజు ఆమెకు అర్థమైంది. అక్కడ్నుంచి ఆమె వంకలకు కొత్త వాడి వచ్చింది. ఇదివరకు రుచి చూసి తిట్టేది, ఇప్పుడు తినకుండా ఉండడానికి తిట్టేది. వాసన చూసి తిట్టేది, బోర్డు చూసి తిట్టేది, పుల్లలతో తినమన్నందుకు తిట్టేది. "వండడం చాతకాని చోట తినడం కష్టం చేస్తారు, లోపం మనదే అనుకోవాలని" అనేది. అది మంచి మాటని పాలిషు ఇంటికెళ్ళి భార్యకు చెప్పాడు.

ఇంకో శుక్రవారం వేయించిన నూడుల్స్ దుకాణంలో మాత్రం చచ్చినంత పనైంది. వాటి మీద వేరుశనగపప్పు దంచి చల్లారు. ఒక పలుకు సెట్టుకూ చిగురుకూ మధ్య దూరింది. గాజుపెంకు మీద నిలబడ్డట్టు ప్రాణం గిలగిల్లాడింది. మింగలేక కక్కలేక ఆమె పళ్ళెం నెట్టేసి లేచి నిలబడి, నూనె పాతదని, పాతది కాకపోతే వంటవాడు పాతవాడని, ఇక్కడ ఇంకో క్షణం కూర్చుంటే బట్టలకు వాసన పడుతుందని గోల పెట్టి అందరినీ సగం తిండి మీద లేపుకొచ్చింది. నూనె నిజానికి బాగానే ఉంది. పాపం, ఆ వంటవాడు గుమ్మం దాకా వచ్చి క్షమించమన్నాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. ల్యాబు బాత్రూములో తలుపు గడియ పెట్టుకుని సెట్టు కడుక్కునేదాకా ఆమెకు ఇంకెవరి గోడూ పట్టలేదు.

"నూడుల్స్ దుకాణాలన్నీ మీకు పడలేదు కదా పిన్నీ, ఈసారి శాండ్‌విచ్‌కి పోదాం" అంది కోడలు తర్వాతి వారం. "వియత్నాం రొట్టెట. పైన కరకరలాడుతుంది, లోపల దూదిలా ఉంటుందని అందరూ రాశారు."

కరకర అనే మాట వంకలక్క చెవిలో రంపంలా ఆడింది.

"నాకు రొట్టె పడదే. ఎండు గడ్డి నమిలినట్టుంటుంది."

"పడకపోతే తిట్టక్కా, అందుకే కదా నిన్ను తీసుకెళ్ళేది!" అన్నాడు పాలిషు. "నువ్వు రాకపోతే ఇక మేం తినడానికే వెళ్ళినట్టు ఉంటుంది."

రానంటే ఎందుకని అడుగుతారు. అడిగితే నోటి వైపు చూస్తారు. వీళ్ళు చూశారంటే ఊరికే చూడరు. ముక్కలు తుంచుకుని తింటే సరి అనుకుని ఆమె బయల్దేరింది.

దుకాణం ఇరుకు. నాలుగు బల్లలు, ఒక ఓవెను, కౌంటరు దగ్గర తన ఒంటికి రెండింతలున్న ఏప్రాన్ చుట్టుకున్న ఒక అమ్మాయి. వంటింట్లో ఉన్న దుకాణం ఓనరు కనిపించడు గానీ గొంతు వినిపిస్తూనే ఉంది. "టోకెన్లు చూసివ్వు, టోకెన్లు!" అని అరుస్తున్నాడు. ఆ అమ్మాయి ప్రతి అరుపుకూ ఒకసారి ఉలిక్కిపడి, మళ్ళీ రొట్టె కోసుకుంటోంది.

"ఉద్యోగానికి కొత్తలా ఉంది" అంది కోడలు.

"పాతబడదు కూడా. ఆ గొంతు కింద ఎవరు నిలుస్తారు" అంది వంకలక్క.

ఆమె టోకెను ముందు పిలిచారు. ట్రే తెచ్చుకుని గోడపక్క బల్ల దగ్గర కూర్చుంది. మిగతా ముగ్గురూ తమవాటి కోసం కౌంటరు దగ్గరే నిలబడ్డారు. ట్రేలో జానెడు రొట్టె, కింది సగం కాగితంలో బిగించి చుట్టి ఉంది. లోపల ముల్లంగి, క్యారెట్టు, కొత్తిమీర, పచ్చిమిర్చి, వాటి మధ్య వేలు మందాన తెల్లటి సోయాపనీరు పలక. చేత్తో తుంచబోతే రొట్టె తెగలేదు, లోపలివన్నీ జారబోయాయి. కత్తి అడుగుదామంటే మళ్ళీ కౌంటరు దాకా వెళ్ళాలి, ఆ ముగ్గురి ముందు అడగాలి.

వాళ్ళ వీపులు తన వైపు ఉన్నాయి. కొరికితే ఇప్పుడే కొరకాలి. ఆమె గోడ వైపు తిరిగి, సెట్టును నాలుకతో ఒకసారి అదిమి, దేవుడా అనుకుని కొరికింది.

రొట్టె ఫెళ్ళుమంది. సెట్టు కదల్లేదు! పలక మీద నుంచి పళ్ళు నున్నగా దిగాయి. ఎన్నాళ్ళకో ఒక ముద్ద ముద్దలా నోట్లోకి వచ్చింది. పులుపూ, కరకర, మెత్తన, కొత్తిమీర వాసన అన్నీ ఒక్కసారే తెలిశాయి. ఛీ, బాగుంది. ఇప్పుడు దీన్నేమని తిట్టాలి అనుకుంటూ ఉండగానే పచ్చిమిర్చి చిగురుకు తగిలింది. చిగురు ఇంకా పచ్చిగానే ఉంది. నిప్పు పెట్టినట్టైంది. రొట్టెను ట్రేలో పడేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెనకనున్న బాత్రూములోకి పరుగెత్తింది.

పుక్కిలించి, సెట్టు కడిగి, మళ్ళీ పెట్టుకుని, మూతి తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి దుకాణమంతా పాలిషు గొంతే.

"మాకు కళ్ళు లేవనుకున్నారా? ఎవరో కొరికి వదిలేసింది తెచ్చి మా అక్క ముందు పెడతారా? ఎంగిలి తిండి అమ్ముతున్నారా మీరు?"

అతని చేతిలో ఆమె శాండ్‌విచ్ ఉంది. కొరికిన వైపు అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకున్నాడు. తమ ట్రేలతో బల్ల దగ్గరికి వచ్చిన ముగ్గురికీ అక్క కనిపించలేదు, అక్క రొట్టె మీద కాటు కనిపించింది. చేతులు కడుక్కోడానికి వెళ్ళినట్టుంది, ఇంకా మొదలెట్టలేదు అనుకున్నారు. పాలిషు అలవాటు కొద్దీ కాటు తిప్పి చూశాడు. సోయాపనీరు మీద మైనంలో పడ్డట్టు పడింది. గీత గీసినట్టు ముందుపళ్ళు, లోపలికి తిరిగిన ఎడమ కోరపన్ను. సూర్యుడు పడమట పొడిచినా వంకలక్క నోటికీ ఆ కాటుకూ సంబంధం ఉంటుందని అతనికి తోస్తుందా? వీధిచివరి ల్యాబు సెట్టు పెట్టుకున్న ఎవరో ముసలివాడు కొరికి వదిలేశాడు, వీళ్ళు తిరిగి అమ్మారు. అంతే.

"లేదు సార్, ఇప్పుడే చేశాను సార్, మీ కళ్ళ ముందే కోశాను" అంటోంది కౌంటరు అమ్మాయి.

"ఇప్పుడే చేస్తే దీనికి పళ్ళ గాట్లు ఎలా వచ్చాయమ్మా? ఇవి కట్టుడు పళ్ళు! ఏ ల్యాబువో కూడా చెప్తా!"

కోడలు ఫోను తీసి ఫొటో తీస్తోంది. పక్క బల్లల వాళ్ళు తింటున్నవి దింపేసి తమ రొట్టెలు తిప్పి చూసుకుంటున్నారు. వంటింట్లోంచి ఓనరు వచ్చాడు, మోచేతుల దాకా పిండి. కాటు చూశాడు, అమ్మాయిని చూశాడు.

"మొన్న కూడా నువ్వే కదా ట్రేలు తారుమారు చేసింది? ఎవరో తిని వదిలేసిన ట్రే ఇంకొకరికి ఇచ్చేశావా? చాలు. ఏప్రాన్ విప్పు. ఇక రాకు."

ఆ అమ్మాయి వెనక్కి చేతులు పెట్టి ముడి వెతుక్కుంటోంది. ముడి దొరకడం లేదు.

వంకలక్క బాత్రూము గుమ్మంలోనే నిలబడిపోయింది. అదృష్టం ఇంత బాగా ఎప్పుడైనా తలుపు తట్టిందా? ఎవరూ ఆమెను అనుమానించలేదు. పైగా ఇంత గొప్ప వంక ఇంతవరకూ ఏ దుకాణానికీ దొరకలేదు. తాను ముక్కు మూసుకుని "ఛీ, పదండి" అంటే చాలు. ఈ శుక్రవారంతో శాండ్‌విచ్ గొడవ శాశ్వతంగా వదిలిపోతుంది. ఎవరో ఊరూపేరూ తెలియని పిల్ల, ఇక్కడ కాకపోతే ఇంకోచోట రొట్టె కోసుకుంటుంది.

"పోనీలేవయ్యా, వదిలెయ్" అంది ముందుకొచ్చి ఓనరుతో. "ఆకలి కూడా చచ్చింది. ఆ పిల్లని ఏం అనకు, మేం పోతాం."

"మీరు పెద్ద మనసుతో అన్నా నేను ఊరుకోకూడదు మేడమ్" అన్నాడు ఓనరు. "ఇవాళ ఊరుకుంటే రేపు మళ్ళీ చేస్తుంది."

"చెయ్యదులే అంటున్నాగా."

"మీకు తెలియదు మేడమ్, ఇలాంటివాళ్ళ సంగతి."

ముడి దొరికింది. ఏప్రాన్ భుజం మీద నుంచి జారింది. ఆ అమ్మాయి దాన్ని మడత పెట్టి కౌంటరు మీద పెట్టింది. కొలువు పోతున్నప్పుడు కూడా మడత పెట్టాలని తోచింది ఆ పిల్లకు! వంకలక్కకు ఒళ్ళు మండింది. ఓనరు మీదా, పాలిషు మీదా, అందరికన్నా ముందు తన మీద.

"ఇటివ్వరా" అంది.

"ఏంటక్కా?"

"శాండ్‌విచ్. ఇటివ్వు."

లాక్కుని, రొట్టె రెండో కొస మీద కాగితం చించేసి, అందరూ చూస్తుండగా కొరికింది. నమిలింది. తొందరేం లేకుండా, మిర్చి మండుతున్నా మింగింది. తర్వాత రెండు కొసలూ పాలిషు ముక్కు కిందికి తెచ్చింది.

"నీకు కాటు చూడడం వచ్చు కదా. చూడు. రెండూ ఒకటేనా, కాదా?"

పాలిషు చూశాడు. ఆ కొస చూశాడు, ఈ కొస చూశాడు. బుద్ధి ఎప్పటిలాగే ఆలస్యంగా నడిచొస్తోంది. ఈలోగా సున్నం బాబాయి మెడ చాచి చూసి, "ఒకటే" అన్నాడు.

"కొరికింది నేనయ్యా" అంది వంకలక్క ఓనరుతో. "ఇందాకా నేనే, ఇప్పుడూ నేనే. నావి కట్టుడు పళ్ళు. ఆ పిల్ల ఏ తప్పూ చెయ్యలేదు. ఆ ఏప్రాన్ దానికి తిరిగిచ్చెయ్. ఇచ్చేటప్పుడు కాస్త నోరు తగ్గించుకుని ఇవ్వు, నీ అరుపులకి ఓవెను అక్కర్లేకుండానే రొట్టెలు మాడేలా ఉన్నాయి."

ఓనరుకు సగమే అర్థమైంది. ఏప్రాన్ తీసి అమ్మాయి చేతిలో పెట్టాడు. క్షమించమని అనలేదు, అలాంటి ఓనర్లకు ఆ మాట రాదు. పాలిషు మొహం ఎర్రబడింది.

"తప్పైపోయిందమ్మా" అన్నాడు అమ్మాయితో. ఆ మాట అతనికి ఎంత కష్టమైందో అతని చెవులు చూస్తే తెలిసింది. తర్వాత వంకలక్క వైపు తిరిగాడు. "అక్కా... వాళ్ళ దగ్గరా?"

పళ్ళు ఎప్పుడు పోయాయని అడగలేదు. ఎందుకు దాచావనీ అడగలేదు. వాళ్ళ దగ్గరా!

"నడు" అంది ఆమె. "ముల్లంగి మాత్రం నిన్నటిదేనయ్యా" అని ఓనరు వైపు ఒక మాట పడేసి గుమ్మం దిగింది.

ల్యాబు దాకా నడిచే దారిలో ఆ రోజు తీర్పు లేదు. పాలిషు ముందు నడుస్తూ, ఎవరితోనూ కానట్టు గాలితో మాట్లాడుతున్నాడు.

"నన్నడిగితే చెయ్యనా? రాత్రికి రాత్రి కూర్చుని చేసేవాణ్ణి. పరాయివాళ్ళం అయిపోయాం. ఎవరి పని చూసి ఇన్నాళ్ళూ నవ్వామో వాళ్ళ గుమ్మం ఎక్కింది!"

"నేను గుమ్మం ఎక్కలేదు. డాక్టరు పంపాడు."

"డాక్టరు పంపాడట! పేరేం చెప్పావు?"

"మా తోడికోడలి పేరు."

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వంకలక్క చూసింది.

"నవ్వవే, నవ్వు. ఇన్నాళ్ళూ నేను ఎవరెవరి మీద నవ్వానో అందరి తరఫునా నువ్వే నవ్వు."

"అది కాదు పిన్నీ, ఇప్పుడు ఆవిడకి నిజంగా పళ్ళు పోతే ఎవరి పేరు చెప్పుకుంటుందా అని."

బాబాయి కూడా నవ్వేశాడు. వంకలక్క మాత్రం నవ్వలేదు. ఇన్నాళ్ళూ భయపడింది ఈ నవ్వుకే. వచ్చింది, ఎదురుగా నిలబడింది. అంతకన్నా ఏం చెయ్యలేదు.

ల్యాబుకు వచ్చాక ఎవరి బల్లకు వాళ్ళు వెళ్ళారు, బాబాయి తప్ప. ఆయన రబ్బరు గిన్నె తీసి, అచ్చు తీసే పొడి పోసి, పక్కన నీళ్ళు పెట్టుకుని, ఆమె బల్ల ముందుకు కుర్చీ లాక్కున్నాడు.

"నోరు తెరు అమ్మాయ్."

"ఇప్పుడా?"

"వచ్చే శుక్రవారం కూడా ఎక్కడో తినాలిగా."

ఆమె చుట్టూ చూసింది. పాలిషు గ్రైండరు వైపు తిరిగి ఉన్నాడు గానీ గ్రైండరు ఆడడం లేదు. కోడలు కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు నటిస్తోంది. వంకలక్క వేలు పెట్టి సెట్టు తీసింది. పైపెదవి లోపలికి పడిపోయింది, ఒక్క క్షణంలో పదేళ్ళు మీద పడ్డట్టు. తీసినదాన్ని దాచుకోకుండా పాలిషు బల్ల మీద టక్కున పెట్టింది.

పాలిషు దాన్ని ముందు ముట్టుకోలేదు. తర్వాత ఉండబట్టలేక తీసుకున్నాడు. దీపం దగ్గర పెట్టి తిప్పాడు.

"అమ్మో అమ్మో, ఈ మూల చూడు! గీకాడా, కొరికాడా? చిగురు రంగేంటక్కా ఇది, సబ్బుముక్కలా? దీంతోనా నువ్వు ఇన్నాళ్ళూ తిన్నావు?"

"తిన్నదెక్కడరా, నువ్వు..." అని ఆమె ఏదో అనబోయింది. పళ్ళు లేని నోట్లో మాటలు గాలిలా జారిపోయాయి. తనకే నవ్వొచ్చింది. నవ్వు నోరు పూర్తిగా తెరిచేలోగా బాబాయి నీళ్ళు పోసి గిరగిరా కలిపి, ముద్దను అచ్చు తీసే చిన్న ట్రేలో నింపి, ఆమె పైదవడకు అదిమి పట్టేశాడు.

"గట్టిపడేదాకా మాట్లాడకు."

ఎప్పుడు దొరుకుతుంది ఇలాంటి అవకాశం? పాలిషు కుర్చీ తిప్పుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"అక్కా, ఆ వేయించిన నూడుల్స్ దుకాణంలో నూనె బాగుంది. నేను సగంలో లేచొచ్చాను. ఆ రాత్రంతా ఆకలితో చచ్చాను. ఆ వంటవాడికి వెళ్ళి సారీ చెప్పాలి నువ్వు. ఇంకోటి, నేను గీకిన మూలలు మోటుగా ఉండవు. ఎప్పుడూ ఉండవు."

వంకలక్క కళ్ళు ఉరిమింది.

"పిన్నీ, నా పెళ్ళి ఫొటోలు చూసి మీరన్న మాట నాకింకా గుర్తుంది" అంది కోడలు కిటికీ వదిలి దగ్గరికి వస్తూ. "బొమ్మల కొలువులో బొమ్మలా ఉన్నానని కాదు, అమ్ముడుపోని బొమ్మలా ఉన్నానన్నారు."

ఆమె గొంతులోంచి ఏదో శబ్దం చేసింది, వేలు ఎత్తి కోడలికి చూపించింది.

"నా కడుపు సంగతి కూడా ఏదో అన్నావు" అన్నాడు బాబాయి, చేతి పట్టు సడలించకుండా. "కదలకు. అచ్చు పాడవుతుంది."

ఆమె వేలు దించింది. ముద్ద చల్లగా చిగుళ్ళకు అంటుకుని మెల్లగా బిగుస్తోంది. ఎదురుగా పాలిషు ఇంకో మాట కోసం పైకప్పు వైపు చూస్తున్నాడు. ఏళ్ళ సరుకు ఉంది వాడి దగ్గర. అనుకోనీ, అంతా అనేయనీ, ట్రే బయటికి రావడం ఎంతసేపు అన్నట్టు చూస్తూ, వంకలక్క నోరు తెరిచి కూర్చుంది.